అద్దానికి అవతల నత్త

(కాలనీ గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం పిల్లలు, పెద్దల ముందు మాట్లాడిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు కూర్చున్నారు, చాలా సంతోషం. ఈ బల్ల మీద పెట్టిన గాజు జాడీనే అందరూ చూస్తున్నారని నాకు తెలుసు. అందులో రెండు నత్తలున్నాయి. పసుపు రంగుది పెద్దది, గోధుమ రంగుది చిన్నది. ఆటోలో తెచ్చాను కదా, కుదుపులకు రెండూ లోపలికి ముడుచుకుని మూత వేసుకున్నాయి. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు వాటి మీద ఒక కన్నేసి ఉంచండి. బయటికొస్తే చెయ్యి ఎత్తండి. మాట ఆపేసి అందరం చూద్దాం.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. ఇక్కడ బీజెడ్‌సీ, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లుంటే 'పైలా' అన్న మాట గుర్తుండే ఉంటుంది. పైలా గ్లోబోసా. మన చెరువుల్లో, వరి మళ్లలో, కాలవ గట్టు పక్కన కనిపించే నత్తే అది. ప్రాక్టికల్స్ రోజు మా ల్యాబ్ అటెండరు బకెట్ నిండా తెచ్చేవాడు. వేడినీళ్లలో వేసి చంపేవాళ్లం. గుల్ల పగలగొట్టి, మైనం ట్రేలో గుండుసూదులు గుచ్చి, లోపలి నరాలు విడదీసి చూపించేవాళ్లం. నా చేతుల మీదుగా ఎన్ని వందల నత్తలు పోయాయో లెక్క లేదు. 2014లో, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ ఈ డిసెక్షన్లు ఆపేయమంది. అప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకంటే అన్నేళ్లలో ఒక్క నత్తనైనా బతికుండగా పది నిమిషాలు కూర్చుని చూసింది లేదు నేను.

రిటైరయ్యాక మా మనవడు చేపలు కావాలని పేచీ పెడితే మా అమ్మాయి 60 లీటర్ల అక్వేరియం కొంది. నెల తిరక్కుండానే అద్దం నిండా పచ్చటి పాచి. షాపులో అడిగితే, "రెండు నత్తలు వెయ్యండి మేడం, అదంతా అవే తినేస్తాయి, ఇక మీరు కడగక్కర్లేదు" అన్నారట. అలా రెండు పసుపు నత్తలు మా ఇంటికొచ్చాయి. షాపుల్లో వీటిని మిస్టరీ స్నెయిల్ అంటారు. అసలు పేరు పొమేసియా డిఫ్యూసా. దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతం వాటి సొంతూరు. మన పైలాకి దాయాదులే, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి.

ఒకరోజు రాత్రి నిద్ర పట్టక హాల్లోకి వచ్చాను. అక్వేరియం లైటు ఆర్పడం మర్చిపోయినట్టున్నారు. పెద్ద నత్త అద్దం మీద పాకుతోంది. అవతల అది, ఇవతల నేను. దాని నోరు సరిగ్గా నా కళ్ల ముందుంది. నోరు తెరుచుకుంటోంది, లోపల్నుంచి రిబ్బన్ లాంటి నాలుక వచ్చి అద్దాన్ని ఒక్క గీకు గీకి వెళ్లిపోతోంది. మళ్లీ తెరుచుకుంటోంది, మళ్లీ గీకుతోంది. గీకిన చోటల్లా పాచిలో సన్నటి చార. ఆ చారలు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటే దుక్కి దున్నిన చాళ్లలా ఉన్నాయి. దాన్ని రాడ్యులా అంటారు. వరసలు వరసలుగా కంటికి ఆనని పళ్లుంటాయి. వడ్రంగి దగ్గరుండే ఆకురాయి లాంటిదనుకోండి. ముందు పళ్లు అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి. ఈ ముక్క నేను ఏటేటా నోట్సు చెప్పిందే. కానీ చూడటం అదే మొదలు.

కాసేపటికి అది పైకి పాకి, నీటిమట్టానికి కాస్త కింద ఆగింది. మెడ పక్కన ఎడమవైపు చర్మం మడత మెల్లగా చుట్టుకుని గొట్టమైంది. ఆ గొట్టం సాగి సాగి నీళ్ల పైకొచ్చి కొస తెరిచింది. అప్పుడు ఒళ్లంతా గుల్లలోకీ బయటికీ ఊగడం మొదలుపెట్టింది, చేతిపంపు కొడుతున్నట్టు. గాలి పీల్చుకుంటోంది. ఈ జాతి నత్తలకు మొప్పా ఉంటుంది, ఊపిరితిత్తి లాంటి సంచీ ఉంటుంది. అందుకే నీళ్లలోనూ బతుకుతాయి, పైగాలీ పీలుస్తాయి. మన పైలా అయితే ఎండాకాలం చెరువు ఎండిపోతే బురదలోకి దిగి, మూత బిగించుకుని నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. తొలకరి పడ్డాక మళ్లీ మళ్లలో కనిపిస్తుంది. పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బోర్డు మీద ఆ గొట్టం బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టి ఎంతమందికి చెప్పానో! ఆ రాత్రి మాత్రం ఏదో తప్పు చేసినదానిలా ఆ అద్దం ముందే కూర్చుండిపోయాను.

అందుకే ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నత్తను పాచి గీకే బ్రష్షులాగా కొనకండి. కొంటే, అదొక ప్రాణి అని కొనండి. దానికి ఆకలుంటుంది, దాని నీళ్లు దానికుండాలి, దాని జబ్బులు దానికుంటాయి.

అసలు పాచి సంగతే తీసుకుందాం. నత్త పాచి తింటుంది, నిజమే. తిన్నదానికి తగ్గట్టు పెంట కూడా పెడుతుంది. అది కుళ్లితే నీళ్లలో అమ్మోనియా అనే విషం చేరుతుంది. అంటే అద్దం మీది మురికి అడుగుకు దిగిందంతే, తొట్టిలోంచి పోలేదు. పాచి ఎక్కువ పడుతోందంటే లైటు ఎక్కువసేపు వెలుగుతోంది, లేదా కిటికీ ఎండ పడుతోంది, లేదా చేపలకు మేత ఎక్కువ వేస్తున్నారు. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. ఆ పని నత్త చెయ్యదు, మనమే చెయ్యాలి. కొత్తగా పెట్టిన తొట్టిలో నత్తను అప్పుడే వెయ్యకండి. అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇంకోటి, పాచి అయిపోయాక నత్త ఏం తింటుంది? చాలామంది ఇళ్లలో నత్తలు ఆకలితో చచ్చిపోతాయి, ఎందుకు పోయాయో ఎవరికీ తెలీదు. మా ఇంట్లో వాటికి బీరకాయ, సొరకాయ, దోసకాయ ముక్కలు వేస్తాం. పాలకూర ఒక్క నిమిషం వేడినీళ్లలో ముంచి తీస్తే మెత్తబడి మునుగుతుంది. రాత్రి వేసి, మిగిలింది పొద్దున్నే తీసేయాలి. లేకపోతే నీళ్లు పాడవుతాయి. బజారు ఆకుకూరకు పురుగుమందు భయం ఉంటుంది, బాగా కడగండి. పెరట్లోదో కుండీలోదో అయితే మరీ మంచిది.

ఇక గుల్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నేను బాగా దెబ్బ తిన్నది ఇక్కడే.

మా ఊళ్లో అందరిలాగే మేమూ 20 లీటర్ల టిన్ను నీళ్లు తాగుతాం. మంచినీళ్లు కదా, నత్తలకూ మంచిదేనని మొదట్లో తొట్టి నిండా అవే పోశాం. మూడు నెలలకు పెద్ద నత్త గుల్ల మీద, చుట్టు మొదలయ్యే కొస దగ్గర, పసుపు రంగు పోయి తెల్లబడింది. వేలితో తడిమితే గరుకుగా తగిలింది. ఇంకో నెలకు సుద్దముక్కను గోటితో గిల్లినట్టు గుంటలు పడ్డాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. ఏదో జబ్బనుకున్నాను. జబ్బు కాదు, నీళ్లు.

నత్తగుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. మన పెద్దలు ఈ గుల్లలే కాల్చి గుల్లసున్నం చేసేవాళ్లు. తాంబూలంలో వేసుకున్నదీ గోడలకు వేసిందీ అదే. నత్త ఆ సున్నాన్ని కొంత నీళ్లలోంచి, కొంత తిండిలోంచి తీసుకుని గుల్ల కట్టుకుంటుంది. టిన్ను నీళ్లంటే ఆర్‌వో నీళ్లు. వాటిలో ఖనిజాలు దాదాపు తీసేస్తారు. నీళ్లలో కరిగిన ఖనిజాలు ఎన్నో కొలిచే టీడీఎస్ మీటరు మా టిన్ను నీళ్లకు పెడితే 50 కూడా చూపించలేదు. పైగా నీళ్ల పీహెచ్, అంటే పులుపు ఎంతో చెప్పే కొలత, 7 కంటే కిందికి దిగి నీళ్లు పులిశాయంటే ఆ నీళ్లే గుల్లను కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. మనకు మంచినీళ్లనుకున్నవి దానికి కరువు నీళ్లన్నమాట.

అప్పటి నుంచి మున్సిపల్ నీళ్లలో మా బోరు నీళ్లు కలిపి పోస్తున్నాం. మున్సిపల్ నీళ్లు ఒక రాత్రంతా బకెట్లో మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం వాడకండి. పీహెచ్ ఏడున్నర దగ్గర ఉంటే చాలు. అక్వేరియం షాపుల్లో టెస్ట్ కిట్ దొరుకుతుంది. సున్నం కోసం తొట్టిలో సముద్రపు నురుగు ముక్క వేస్తాం. పక్షుల షాపులో లవ్‌బర్డ్స్ పంజరానికి తగిలించేందుకు అమ్ముతారే, తెల్లగా తేలిగ్గా ఉండేది, అదే. కోడిగుడ్డు పెంకులు ఉడికించి, లోపలి పొర తీసి, పొడి చేసి వేసినా పనిచేస్తుంది.

ఒకావిడ నన్ను, "సున్నమే కదండీ, గుల్లసున్నం ఓ చెంచా వేసేస్తే సరిపోదా?" అని అడిగారు. వద్దమ్మా, అస్సలు వద్దు. కాల్చి, నీళ్లు కలిపాక అది గుల్లలో ఉన్న పదార్థం కాదు. నోరు పొక్కించే సున్నం అది. నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయి, నత్తలతో పాటు చేపలూ చచ్చిపోతాయి.

ఇదిగో, ఇది ఆ మొదటి నత్త గుల్ల. ఏడాదిన్నర బతికి పోయింది. వీటి ఆయుష్షే అంత, ఏడాదీ రెండేళ్లూ. పిల్లలూ, ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవాళ్లకివ్వండి. గుల్ల పెరిగేది ఈ నోటి అంచు దగ్గరే. కొస దగ్గర పడిన గుంటలు మళ్లీ పూడవు. కానీ ఇక్కడ చూడండి, నా వేలున్న చోట. ఇటువైపు గీతలు గీతలుగా, పల్చగా, వెలిసినట్టు ఉంది. ఈ గీత దాటాక నున్నగా, మందంగా, పసుపు పచ్చగా ఉంది. మేం నీళ్లు మార్చిన నెల ఈ గీత. వేలితో తడిమినా తెలుస్తుంది.

(ఒక పాప చెయ్యి ఎత్తింది.)

వచ్చిందా? ఏది... ఆ, చిన్నది వచ్చింది. మెల్లగా చూడండి, జాడీని ముట్టుకోకండి. ముందు మూత వదులైంది. గోధుమ రంగులో గోరులా ఉందే, అదీ మూత. మన పైలా మూత ఇలా ఉండదు, తెల్లగా సున్నపు బిళ్లలా గట్టిగా ఉంటుంది. ఇది చూస్తే చాలు, ఈ నత్త మన చెరువుది కాదని చెప్పెయ్యొచ్చు. ఇప్పుడు పాదం వస్తోంది. నాలుగు మీసాల్లా సాగుతున్నవి రెండు జతల స్పర్శకాలు. పొడుగు జత పక్కన చిన్న కాడల చివర నల్ల చుక్కలున్నాయి చూశారా, అవి కళ్లు. చేపలు కొరికేది ఆ మీసాలనే. గోల్డ్ ఫిష్, బెట్టా ఫైటర్ ఉన్న తొట్టిలో నత్తను వేస్తే వాటిని పురుగులనుకుని లాగుతూనే ఉంటాయి. నత్త ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, తిండి తినదు, చిక్కిపోతుంది. గప్పీలతో అంత ఇబ్బంది ఉండదు.

సరే. ఇప్పుడు రాగి సంగతి చెప్పాలి. ఇది మర్చిపోకండి. నత్తకు రాగి విషం. మా చేపలకోసారి ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలొచ్చాయి. షాపులో మందు సీసా ఇచ్చారు. నత్తలున్నాయని చెప్పినా పర్లేదన్నారు. సాయంత్రం చుక్కలు వేశాం. తెల్లారేసరికి ఒక నత్త అడుగున పడి ఉంది, పాదం వేలాడిపోయింది. మూత వేసుకునే ఓపిక కూడా దానికి మిగల్లేదు. అప్పుడు సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. కాపర్ సల్ఫేట్. అంటే మైలుతుత్తం. చెరువుల్లో నత్తల్ని చంపడానికి చల్లేదే అది. చదవకుండా వేసింది నేను, అందుకే ఇక్కడ ఇంత గట్టిగా చెబుతున్నాను. చేపలకు మందు వెయ్యాల్సి వస్తే నత్తల్ని వేరే బకెట్లోకి మార్చండి. అలాగే ఈమధ్య అందరి ఇళ్లలోనూ రాగి బిందెలు వచ్చాయి. రాత్రంతా రాగి బిందెలో ఉన్న నీళ్లు మీరు తాగితే తాగండి, తొట్టిలో మాత్రం పోయకండి.

చిన్న నత్తల గురించి కొంచెం. మొక్కలతో పాటు మనకు తెలీకుండానే తొట్టిలోకి వచ్చేస్తాయి. వడ్లగింజంత గుల్ల, నెల తిరిగేసరికి వందలు. వీటిలో ఎక్కువగా కనిపించేది ఫైసా. ఒకే నత్తలో ఆడా మగా రెండూ ఉంటాయి, ఒంటరిగా ఉన్నా గుడ్లు పెట్టగలదు. ఇసకలో దూరి తిరిగే పొడుగు గుల్లది ఇంకొకటి, మెలనాయిడిస్. దాంట్లో ఆడనత్తలు మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. వీటిని చూసి భయపడి మందులు పోయకండి. మేత ఎంత మిగిలిపోతోందో అంత పెరుగుతాయి. మేత తగ్గిస్తే రెండు మూడు వారాల్లో అవే తగ్గుతాయి. తొందరైతే రాత్రి దోసకాయ చెక్క ఒకటి అడుగున పెట్టండి, పొద్దున్న దాని మీద గుంపుగా ఉంటాయి, చెక్కతో సహా తీసెయ్యొచ్చు.

ఫైసాలో ఒక ముచ్చటైన విషయముంది. నత్తగుల్లను కొస పైకి, నోరు మీ వైపు తిప్పి పట్టుకోండి. మామూలుగా నోరు మీ కుడిచేతి వైపు ఉంటుంది. ఫైసాకి ఎడమ వైపు ఉంటుంది, జాతి మొత్తానికీ అంతే. మనం పూజలో వాడే శంఖం కూడా ఒక సముద్రపు నత్త గుల్లే. అందులో ఎక్కడో ఒక్కటి ఇలా ఎడమ చుట్టుతో పుడుతుంది. కొస కిందికి పెట్టి చూస్తే దాని నోరు కుడివైపు పడుతుంది, అందుకే దాన్ని దక్షిణావర్త శంఖమని కళ్లకద్దుకుని అంత డబ్బు పోసి కొంటారు. అదే చుట్టు మీ తొట్టి మూలలో వడ్లగింజంత నత్తకు ఉందని తెలిస్తే దాన్ని చూసే చూపు మారదా?

గుడ్ల సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది మీ ఇంటితో పోయేది కాదు. మిస్టరీ నత్తల్లో ఆడా మగా వేరు. కానీ షాపులో జతకట్టిన ఆడనత్త మీ ఇంటికొచ్చిన నెలల తర్వాత కూడా గుడ్లు పెట్టగలదు. రాత్రిపూట నీళ్లు దాటి పైకెక్కి, తొట్టి మూత కింద అద్దానికి అంటిస్తుంది. లేత గులాబీ రంగు గుత్తి, సీతాఫలం తోలులా బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. అందుకే తొట్టిలో పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి, మూత కచ్చితంగా ఉండాలి. లేకపోతే పొద్దున్నే నత్త సోఫా కింద దొరుకుతుంది. ఒక గుత్తిలోంచి వందకు పైగా పిల్లలు రావచ్చు. వద్దనుకుంటే పొదగకముందే గీకి, కవర్లో పెట్టి రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచి, చెత్తలో వేయండి. పెద్ద నత్తలు ఎక్కువైతే పెంచేవాళ్లకు ఇవ్వండి. కాలవలో మాత్రం వదలకండి. చెరువులోనూ వద్దు, డ్రెయిన్‌లోనూ వద్దు.

ఇది ఉత్తమాట కాదు. ఈ మిస్టరీ నత్తకు చాలా దగ్గరి చుట్టం పొమేసియా కెనాలిక్యులేటా. 1980 ప్రాంతంలో తినడానికి పెంచుదామని దక్షిణ అమెరికా నుంచి తైవాన్‌కు, అక్కడి నుంచి ఫిలిప్పీన్స్‌కు తెచ్చారు. కొనేవాళ్లు లేక వదిలేశారు. అవి వరి మళ్లలోకి చేరి, లేత నారును మొదట్లోకి కొరికేశాయి. వియత్నాం, థాయ్‌లాండ్ రైతులు ఇవాళ్టికీ వాటితో పోరాడుతున్నారు. ప్రపంచంలో అత్యంత హాని చేస్తున్న వంద పరాయి జాతుల జాబితాలో అది కూడా ఉంది. మన దేశంలోనూ 1847లో మారిషస్ నుంచి తెచ్చిన ఆఫ్రికా నత్తల్ని కలకత్తాలో ఒక తోటలో వదిలారు. అది నేల మీద తిరిగే నత్త. ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల్లో తోటల్ని తినేస్తోంది. షాపులో మిస్టరీ నత్తా, ఆ కెనాలిక్యులేటా కలిసిపోతే గుర్తుపట్టడం నాకే కష్టం. మనది వరి పండే నేల. ఊరి చుట్టూ కాలవలే.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: పొలం నుంచి మన నత్తల్నే తెచ్చి పెంచుకోవచ్చు కదా మేడం?)

మన పైలాని చూసుకోవాలని నాకూ ఆశే. కానీ పొలాల్లో, కుంటల్లో ఉండే నత్తలు పరాన్నజీవుల్ని మోస్తుంటాయి. గొర్రెలకు, పశువులకు వచ్చే కార్జపు జలగ జబ్బు నత్తల ద్వారానే తిరుగుతుంది. కొన్ని నత్తల్లోంచి వచ్చే పిల్లపురుగులు నీళ్లలో దిగిన మనుషుల చర్మంలోకి దూరి దురద పుట్టిస్తాయి. ఏ నత్తలో ఏముందో ఇంట్లో తేల్చుకోలేం. కాబట్టి మళ్లలో నత్తను మళ్లలోనే చూడండి. షాపు నత్తను ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

(ప్రశ్న: రెండు రోజులైనా కదలకపోతే చచ్చిపోయినట్టేనా?)

కాదు బాబూ, తొందరపడకు. ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఊరికే ఉండిపోతాయి. నీళ్లలోంచి తీసి వాసన చూడు. చచ్చిపోయిన నత్త కంపు భరించలేం, అనుమానానికి తావుండదు. అలాంటిదైతే వెంటనే తీసేసి సగం నీళ్లు మార్చాలి, లేకపోతే చేపలకూ ముప్పే. వాసన లేకపోతే, మూత బిగిసే ఉంటే, మెల్లగా మళ్లీ నీళ్లలో పెట్టు. విసిరినట్టు వెయ్యకు, గుల్ల పగులుతుంది. వెల్లకిలా పడితే తిరగడం దానికి కష్టం, అందుకని మూత కిందికి వచ్చేలా పెట్టాలి.

ఆ వెనక పాప చెయ్యి ఎత్తుతోంది... అవునా? పెద్దది కూడా వచ్చిందా? గొట్టం పైకి సాగుతోంది. ఒక్కొక్కరే రండి. చిన్నపిల్లల్ని ముందుకు రానివ్వండి. జాడీని తట్టకండి, లైటుకు అడ్డం నిలబడకండి. ఒళ్లు లోపలికీ బయటికీ ఊగుతుంది, అది లెక్కపెట్టండి.